దానేసు ఎత్తిన గెడ

దానేసుకి సముద్రం మీద కోపం నేదు, తమ్ముడి మీదేనంట. తమ్ముడి పేరు బైరాగి. ఇద్దరూ మైలపల్లోరి తాతయ్య అనీ ఆయన కొడుకులు, ఒక్క తల్లి పాలు తాగినోల్లు, ఒక్క పడవలో పెరిగినోల్లు. ఏరొచ్చి సముద్రంలో కలిసే మొగ దగ్గరుంది ఆల్ల ఊరు, మన ఊరి లాంటిదే అనుకో, ఇటుపక్క ఇసక దిబ్బ, అటుపక్క సరుగుడు తోట. పడవ సముద్రంలోకి ఎల్లాలన్నా, సముద్రంలోంచి ఇంటికి రావాలన్నా ఆ మొగలోంచే. ఇంకో దారి నేదు. బావూ, నువ్వు పట్నపోడివి గాబట్టి సెప్తన్నాను, మొగ అంటే ఏటి నోరు. ఆ నోట్లో నీటి కింద ఇసక మేటేసి ఉంటాది, పైకి అగపడదు. పోటు వచ్చినప్పుడు, అంటే సముద్రం ముందుకి వచ్చినప్పుడు, మేట మీద నీరు లోతుగా ఉంటాది, పడవ సుకంగా దాటీసుద్ది. పాటు తీసినప్పుడు, అంటే నీరు ఎనక్కి లాగినప్పుడు, లోపల్నుంచి ఏరు బయటికి తోస్తాది, బయట్నుంచి కెరటం లోపలికి తోస్తాది, రెండూ ఆ మేట మీద గుద్దుకుని కెరటం నిలబడిపోతాది, గోడలాగ. ఆ యేళకి పడవ అక్కడుందనుకో, ఇంకేటి సెప్పను.

అయితే ఆ అన్నదమ్ములకి ఎందుకు సెడిందంటే, తాతయ్య ముసలాడైపోయి పడవ ఒగ్గీసిన రోజున సెడింది. పడవ ఎనకాల నిలబడి దారి తిప్పే పెద్ద తెడ్డు ఉంటాది గదా, అది ఎవులి సేతిలో ఉంటే ఆడే పడవకి పెద్ద. అందరూ ఏటనుకున్నారు, పెద్దోడు దానేసుకే ఇస్తాడు అనుకున్నారు. ముసలాడు అందరి ముందరా నడుసుకుంటూ ఎల్లి ఆ తెడ్డు బైరాగి సేతిలో ఎట్టీసినాడంట. దానేసు మొకం మాడిపోయింది. "ఏటయ్యా, నాను పెద్దోణ్ణి గానా?" అన్నాడంట. తండ్రి ఏమీ అననేదు, ఆయనకి ఆయాసం. తండ్రి ఏదో ఒకటి సెప్పినా బాగున్ను, బైరాగి ఊరుకున్నా బాగున్ను. బైరాగి కుర్రోడు, తెడ్డు సేతికొచ్చిన ఉసారులో ఉన్నాడు, "నీకు బయమెక్కువ అన్నా, అందుకే" అనీసినాడు. పడవోల్లందరూ విన్నారు. ఒకడెవుడో నవ్వినాడు కూడానంట. అంతే. దానేసు తన వల భుజానేసుకుని పడవలోంచి నీల్లలోకి దిగిపోనాడు. మల్లీ ఆ పడవ ఎక్కనేదు, మల్లీ ఆ తమ్ముడితో మాటాడనేదు. తండ్రి పోనాక కర్మకాండలకి కూడా ఇద్దరూ పక్కపక్కనే కూసుని, ఒకడి మొకం ఒకడు సూడకండా కానిచ్చినారంట. నువ్వు నవ్వకే సత్తెమ్మా, మీ ఇంట్లో అలాటి మొగోల్లు నేరేటి?

మరి దానేసు ఏటి సేసీవోడంటే, ఏట్లో ఇసురు వలేసుకుని బతికీవోడు, పడవలు వచ్చే యేళకి మాత్రం దిబ్బ ఎక్కీవోడు. ఎందుకంటే పడవలోంచి వచ్చీవోడికి కెరటం ఈపే కనపడతాది, మొకం కనపడదు. మొకం గట్టు మీద ఉన్నోడికే కనపడతాది. అందుకని ఆ ఊర్లో ఎప్పట్నుంచో ఒకడు దిబ్బ మీద నిలబడి పడవలకి దారి సెప్పడం అలవాటు. గుడ్డ కట్టిన పొడుగాటి గెడ ఒకటుంటాది. గెడ నిలువుగా ఎత్తి పట్టుకున్నాడంటే ఆగమని. అటూ ఇటూ ఊపినాడంటే రమ్మని. ఆ గెడ దానేసు పట్టినాడు. ఎంత మంచి సూపంటే, పెతీ పడవా ఆడి గెడ సూసే వచ్చీది. ఒక్క బైరాగి పడవకి మాత్రం ఎత్తీవోడు కాదు. తమ్ముడి తెరసాప దూరాన అగపడిందనుకో, గెడ ఇసక మీద పడీసి, దిబ్బ మీద అటు తిరిగి కూసునీవోడు. ఈపు సూపించీవోడన్నమాట. బైరాగి కూడా తక్కువోడు కాదు, "నాకెందుకు ఆ గెడ" అనీసి కెరటాల్లోంచి తోసుకుని వచ్చీవోడు. రెండు మూడు తూర్లు తడిసి ముద్దైపోనాడు, ఒకపాలి వల పోగొట్టుకున్నాడు, అయినా వచ్చీవోడు.

ఈ మాటల్లేకపోడం మొగోల్లిద్దరికే అనుకో. ఆడోల్లకి నేదు. దానేసు పెల్లాం గున్నమ్మా, బైరాగి పెల్లాం పోలమ్మా ఒకే నూతి కాడ నీల్లు తోడుకునీవోరు, ఒకే బుట్టలో సేపలెట్టుకుని సంతకి ఎల్లీవోరు. దానేసుకి పిల్లల్లేరు. బైరాగికి ఒక్కర్తే కూతురు, కొర్లమ్మ. ఆ పిల్ల పెదనాన ఇంట్లోనే ఎక్కువుండీది. పెదనానా అంటూ వచ్చి ఆడి కంచంలో సేపముక్క ఆడి సేత్తోనే తినీది. ఆ పిల్ల ఎదిగింది, పెల్లి కుదిరింది. పెల్లికొడుకు కామేసని, దచ్చినంగా ఉన్న పేటలో ఉంటాడు, మంచోడే, బక్కపల్చనోడు. పోలమ్మ పసుపూ కుంకం పట్టుకుని దానేసు ఇంటికెల్లి, గుమ్మంలో నిలబడి, "బావా, నువ్వు రావాల. నువ్వు రాకపోతే ఆ పిల్ల పీట మీద కూసోదు" అందంట. దానేసు వల అల్లుకుంటన్నాడు, తల ఎత్తనేదు. గున్నమ్మే లేసొచ్చి కుంకం పెట్టించుకుంది. అంతే జరిగింది.

పెల్లి పిల్ల ఇంటికాడ. పెల్లికొడుకోల్లు ఎడ్లబండ్ల మీద రావాల. ఇంతలో ఏటయిందంటే పెద్ద వాన కొట్టింది. కాలవకి గండి పడి బండి దారి కొట్టుకుపోయింది. ఇంకేటి సేస్తారు? బైరాగి అన్నాడు, "బండి దారి పోతే పోనాది, నీటి దారి ఉంది గదా. నానే పడవేసుకుని ఎల్లి ఆల్లని తెస్తాను." అనీసి పెల్లి రోజు పెందలాడే పోటు మీద మొగ దాటి ఎల్లిపోనాడు. అప్పటికి ఇంజిన్లు రానేదు బావూ, తెడ్డూ తెరసాపే. పొద్దున సముద్రం ఎంత సల్లగా ఉందంటే, పిల్లలు స్నానాలాడొచ్చు. వాన ఎలిసిపోనాది, మబ్బు నేదు, ఆకు కదలనేదు. టీ కొట్టు కాడ రేడియోలో కూడా సెప్పినాడంట, ఎక్కడో దూరంగా వాయుగుండం ఉంది, అది అటే పోతంది, మన ఒడ్డుకి వానా గాలీ నేవు అని. నిజమే సెప్పినాడు. వానా నేదు, గాలీ నేదు.

దానేసు పెల్లి ఇంటికి ఎల్లనేదు గాని, దిబ్బ మీద కూసుని సముద్రం సూస్తన్నాడు. ఆడికి పొద్దున్నుంచీ ఒకటి తోస్తంది. దూరాన గాలివాన పట్టిందనుకో, ఆ గాలి మనకి రాదు, దాని కెరటం మాత్రం నడుసుకుంటూ వచ్చీసుద్ది. నూనె పోసినట్టు నున్నగా వస్తాది, అరుపూ నేదు, నురగా నేదు. పొద్దున కెరటాలు ఒకదాని ఎనక ఒకటి గబగబా వచ్చీవంట, సిన్నపిల్లలు పరిగెట్టినట్టు. మద్యానం అయ్యీసరికి ఒకటి రాడం, ఆగడం, ఊపిరి తీసుకున్నట్టు, మల్లీ ఇంకోటి రాడం. నడుమ సందు పెరిగిపోయింది. సందు పెరిగిందంటే కెరటం కింద బరువుందని. దానికి తోడు పాటు మొదలయింది. పున్నమి రోజులు, లాగుడు ఎక్కువ. దానికి తోడు ఆ వాన నీరంతా ఏట్లో ఎర్రగా పొంగి బయటికి తోస్తంది. మూడూ ఒకే సోట కలుస్తన్నాయి. సూడ్డానికి మాత్రం ఏటీ నేదు, ఎండలో మెరుస్తన్న నీల్లు. ఆ నీల్లకి అవతల బైరాగి తెరసాప అగపడింది.

ఊరంతా గట్టు మీదకొచ్చీసినారు, "వచ్చీసినారు వచ్చీసినారు" అనుకుంటా. అందరూ దానేసునే సూస్తన్నారు, అలవాటే గదా, ఇప్పుడు గెడ పడీసి అటు తిరుగుతాడు అనీసి. దానేసు లేసినాడు. గెడ తీసినాడు. నిలువుగా ఎత్తి పట్టుకున్నాడు. ఆగమని.

తర్వాత గొడవ మొదలయింది. పోలమ్మ పరిగెట్టుకొచ్చింది. "బావా, పొద్దు గుంకకముందే ముహూర్తం. పంతులుగారు కూసున్నాడు. ఆ పడవ ఇప్పుడు రాకపోతే నా పిల్ల పెల్లి ఆగిపోద్ది. నీ కాల్లు పట్టుకుంటాను, దించీ" అంటంది. దానేసు కల్లు సముద్రం మీంచి తియ్యకండానే, "పోలమ్మా, ఆ పడవలో నీ మొగుడున్నాడు. నన్ను దించమంటావేటి?" అన్నాడంట. ఆవిడ సముద్రం కేసి సూసింది. అద్దంలాగ ఉంది. ఆవిడికి ఏడుపొచ్చింది, ఏది నమ్మాలో తెల్దు. బైరాగి తరపు కుర్రోల్లు ఇద్దరు మీదకొచ్చినారు, "ఇన్నేల్లూ ఎత్తనోడివి ఇయేళే ఎత్తాలా? నీ కక్ష తీర్సుకోడానికి ఇయేళే దొరికిందా?" అనీసి గెడ మీద సెయ్యేసినారు. దానేసు కొట్టనేదు, తిట్టనేదు. రెండు కాల్లూ ఇసకలోకి దింపి అలాగే నిలబడ్డాడు.

అక్కడ పడవలో ఏటి జరుగుతందో, అది తర్వాత ఆల్లు సెప్పుకోగా విన్నది. బైరాగి గెడ సూసినాడు. సూసి తెరసాప దింపీమన్నాడు, లంగరు ఒదలమన్నాడు. పడవ కెరటాలకి అవతలే ఆగిపోయింది. పెల్లికొడుకు మేనమామ తవుడని, గట్టిగా మాటాడీ మనిషి, పెద్ద తలపాగా. ఆయన లేసి, "ఏటి బావా ఆపీసినావు? నీల్లు ఎంత బాగున్నాయి! అదిగో గట్టు మీద జనం అగపడతన్నారు" అన్నాడు. "గట్టు మీద గెడ లేసింది" అన్నాడు బైరాగి. "ఎవులు లేపినారు?" "మా అన్న." "ఏ అన్న? నీతో మాటాడడని సెప్పినారే, ఆ అన్నేనా?" "ఆడే." తవుడు పకపకా నవ్వినాడంట. "ఇంకేటి! నీ కూతురి పెల్లి సెడగొట్టడానికి ఎత్తినాడు. అంత తెల్దా నీకు? పోనీయ్ పడవ." బైరాగి గట్టు కేసే సూస్తన్నాడు. ఆకరికి అన్నాడంట, "నాను తెడ్డు పట్టిన కాడ్నుంచీ మా అన్న నాకు గెడ ఎత్తనేదు బావా. ఎలాటి ఎలాటి నీల్లలోంచో వచ్చినాను, ఈపు తిప్పుకుని కూసున్నాడు. నా సెడు కోరుకునీవోడైతే ఇయేళ కూడా కూసుంటే సాలు గదా. కూసోకండా లేసినాడు." తవుడుకి ఆ మాట ఎక్కనేదు. "తెడ్డిలా ఇయ్యి, నాను నడుపుతాను" అన్నాడు. "ఒడ్డు మీద నువ్వు వియ్యాలోరి మనిషివి, నీ మాట ఇంటాను. పడవలో కూసో" అన్నాడు బైరాగి. ఆ గొంతుకి తవుడు కూసున్నాడంట.

కూసున్నారు గాని, ఆగిన పడవలో కూసోడం ఎంత కష్టం! పడవ నడుస్తంటే ఒక లెక్క, లంగరేసి ఆ పొడుగు కెరటాల మీద పైకీ కిందకీ పోతంటే ఇంకో లెక్క. సన్నాయి ఊదీవోడు పడవ అంచు మీద వాలిపోయి వాంతులు. డోలోడు డోలు మీద తలెట్టుకుని పడుకున్నాడు. పెల్లికొడుకు కామేసు బాసికం జేబులో ఎట్టుకుని, కల్లు మూసుకుని, అరిటిపండులాగ పసుపచ్చగా అయిపోనాడంట. తవుడు ఒక్కడే ఊరుకోకండా, "సూడండి, ఒక్క కెరటమైనా ఉందా? ఒక్కటైనా ఉందా?" అని అందర్నీ అడుగుతన్నాడు. పడవలోంచి అగపడవు గదా మరి.

గట్టు మీద ఏటయిందంటే, కొర్లమ్మకి తెలిసిపోయింది. పసుపు రాసిన పెల్లికూతురు గుమ్మం దాటకూడదంటారు గదా, దాటీసింది. ముత్తైదువులు అరుస్తన్నారు, "ఒలే ఆగే, ఒలే తప్పే" అని. ఆ పిల్ల ఒంటి నిండా పసుపు, కాల్లకి పారాణి, ఇసకలో పరిగెట్టుకుంటా దిబ్బెక్కి పెదనాన ఎదురుగా నిలబడింది. కుర్రోల్లు గెడ ఒగ్గీసి పక్కకి తప్పుకున్నారు. "పెదనానా, మా అయ్య మీద నీ కోపం తీరనేదా?" అంది. "తీరనేదు" అన్నాడు. అబద్దం సెప్పనేదు సూడు. "మరెందుకెత్తినావు?" "అది వేరే సంగతి, ఇది వేరే సంగతి. సూడు." సూసింది. "నాకేటీ అగపడనేదు పెదనానా." "మేట మీద సూడు. కెరటం వచ్చినప్పుడల్లా ఆ సోట నీరు రంగు మారతంది. అడుగునున్న ఇసక పైకి లేస్తంది. కెరటం అడుగు తగిలి లేస్తంది, ఇంకా ఇరగడానికి సూస్తంది. పాటు ఇంకా లాగాలి, అప్పుడు ఇరుగుతాది. ఆల్లు ఇప్పుడు బయల్దేరితే సరిగ్గా ఇరిగే యేళకి దాని కిందుంటారు." కొర్లమ్మ సేనాసేపు సూసింది. రంగు మారినట్టే ఉంది, మారనట్టూ ఉంది. ఆ పిల్లకి పడవ ఎవులు నేర్పుతారు, ఆడపిల్లని ఎక్కనీరు గదా.

అప్పుడు ఆ పిల్ల పెదనాన సేతుల కేసి సూసిందంట. గెడ బరువైంది, ఎంతసేపు పట్టుకుంటాడు, వయసైపోయినోడు. "పాతీయొచ్చు గదా పెదనానా, ఇసకలో" అంది. "పాతీస్తే మనిషి ఎల్లిపోయినాడనుకుంటారే అమ్మా. మనిషి సేతిలో ఉంటేనే అది మాట" అన్నాడు. కొర్లమ్మ ఆడి ఎనక్కి వచ్చి, ఆడి సేతుల కింద తన రెండు సేతులూ ఎట్టి గెడ పట్టుకుంది. పసుపు సేతుల్తోటి. ఊరంతా సూస్తంది. తన పెల్లి తనే ఆపుకుంటన్నాది గదా, ఇంకెవులు మాటాడతారు? పోలమ్మ ఇసకలో కూలబడిపోయింది. పంతులుగారు ఇంటికాడ్నుంచి కబురెట్టినాడు, ముహూర్తం దాటిపోతంది, దాటిపోతంది అని. కొంత సేపటికి దాటిపోనాదని కబురెట్టినాడు. ఆ కబురు తెచ్చినోడి సుట్టూ అందరూ మూగి ఉన్నారు, ఆ యేళకేనంట, మేట మీద ఒక తెల్లటి గీత లేసి, నిలబడి, పడిపోనాది. కొందరు సూసినామన్నారు. కొందరు సూడనేదన్నారు. దానేసు సూసినాడు, కొర్లమ్మ సూసింది. గెడ మీద ఆ పిల్ల పట్టు బిగుసుకుంది.

పొద్దు సరుగుడు తోట ఎనక్కి పోతంటే ఏట్లో కట్టీసి ఉన్న పడవలు మెల్లిగా మొకం తిప్పినాయి. అంటే పోటు తిరిగిందన్నమాట. సముద్రం లోపలికి రాడం మొదలెట్టింది, ఏటి తోపు తగ్గింది, మేట మీద నీరు లోతయింది. అయినా దానేసు ఒప్పనేదు. ఇంకొంచెం, ఇంకొంచెం అన్నాడు. ఒక గుంపు పెద్ద కెరటాలు రానిచ్చినాడు, అవి వచ్చి, మేట మీంచి నడుము వంచకండా నున్నగా దాటి ఏట్లోకి ఎల్లిపోనాయి. అప్పుడు, "ఊపే అమ్మా" అన్నాడు. ఇద్దరూ కలిసి గెడ ఊపినారు. అక్కడ లంగరు లేసింది. పడవ ఒక కెరటం ఈపు మీద ఎక్కి, ఉయ్యాల్లో పిల్లలాగ, ఒక్క సుక్క నీరు లోపల పడకండా మొగ దాటి వచ్చీసింది. సన్నాయోడికి ఊదే ఓపిక నేదు. గట్టు మీదోల్లే కేకలేసినారు.

బైరాగి పడవలోంచి మోకాలి లోతు నీల్లలోకి దూకి, అల్లుణ్ణి సెయ్యి పట్టుకుని దింపి, పెల్లాన్నీ పలకరించకండా తిన్నగా దిబ్బ కాడికి వచ్చినాడు. దానేసు గెడ కింద పెట్టి సేతులు నలుపుకుంటన్నాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఊరంతా సూస్తన్నారు, కొట్టుకుంటారా, ఏడుస్తారా అని. బైరాగి అన్నాడంట, "తిన్నావా?" అని. "నేదు" అన్నాడు దానేసు. "నానూ తిన్నేదు" అన్నాడు బైరాగి. అనీసి ముందు నడిసినాడు. దానేసు గెడ తోడికోడలి పక్కనున్న గున్నమ్మ సేతిలో ఎట్టి, ఎనకాలే నడిసినాడు. పెల్లి ఇంట్లో ఒక అరిటాకు పక్కన ఇంకో అరిటాకేసినారు. పంతులుగారు పంచాంగం తిరగేసి, మర్నాడు పొద్దున ఇంకో మంచి యేళ ఉందన్నాడు. పెల్లికొడుకుకి కూడా అదే మంచిదయింది, ఆ రేతిరి పీట మీద కూసోబెడితే పక్కకి పడిపోయీవోడు. మర్నాడు తాలి కట్టినాడు. పెదనాన దగ్గరుండి పిల్లని బుట్టలో మోసుకొచ్చినాడు, సేతులు నొప్పెట్టినా ఒగ్గనేదంట.

అన్నదమ్ములు పూర్తిగా కలిసిపోనారా అంటే, నాను అలాగ సెప్పను. దానేసు మల్లీ ఆ పడవ ఎక్కనేదు. బైరాగి ఆ పాత మాట తప్పని ఒప్పుకోనూ నేదు. అయితే వల గురించీ, సేపల గురించీ మాటాడుకునీవోరు, బైరాగి పడవొచ్చినా గెడ లేసీది, అది సాల్లే. ఒలే, ఆ ఎండుసేపలు అటు తిరగెయ్యి, కాకి తన్నుకుపోతాది. ఏటి బావూ? నిజంగా కెరటం ఉందా నేదా అంటావా? అది తేలే సంగతి కాదు. పడవ దాని కిందకి ఎల్లనేదు గాబట్టి అదెంత పెద్దదో ఎవులికీ తెల్దు. ఆ తవుడు మాత్రం, "ఒక్క కెరటమైనా నేదు, పెల్లి ముహూర్తం పాడుసేసినారు" అనీసి, ఎక్కడ పెల్లి జరిగినా భోజనాల కాడ సెప్పీవోడు. జుట్టు నెరిసిపోయీదాకా సెప్పినాడు, పల్లూడిపోయీదాకా సెప్పినాడు, మనవల్ని ఒల్లో కూసోబెట్టుకుని సెప్పినాడు. ఆకరికి ఎండ కాసే పూట, ఇంటి అరుగు మీద, మంచంలో, అన్నం తిని పడుకుని పోనాడంట మహానుబావుడు. అన్నేల్లు సెప్పుకునే బాగ్గెం ఎంతమందికి దొరుకుతాది సెప్పు.